ఇంటి వీడియోలకు పట్టిక: సాఫ్ట్‌వేరును ఎన్నుకొను విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయపు పండుగనాడు పుస్తకములను గూర్చి ప్రసంగించుట వాడుక. నేటి విషయము మాత్రము ఇంటింట బీరువాల అడుగున పడియున్న వీడియో టేపులు, సీడీలు, సెల్‌ఫోనులలో క్రిక్కిఱిసిన దృశ్యములు. వీనిని ఒక వరుసను బెట్టి, కావలసినది కావలసినప్పుడు తీసి చూచుటకు ఏ సాఫ్ట్‌వేరు తగినదని పలువురు అడుగుచున్నారు. సాఫ్ట్‌వేరనగా కంప్యూటరుచేత పని చేయించు ఆజ్ఞల సముదాయము. ప్రశ్న క్రొత్తది, అందలి చిక్కు మాత్రము ప్రాతదే. వేయి పుస్తకములు గల గ్రంథాలయమును, వేయి సర్వే నంబరులు గల గ్రామమును పెద్దలు ఏ యుపాయముచే లెక్కకు దెచ్చిరో, ఆ యుపాయమే ఇచ్చటను అక్కఱకు వచ్చును.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల ఇండ్లలో నున్న వీడియోలు ఎట్టివి? హెచ్చుపాలు పెండ్లిండ్లు. పిమ్మట సీమంతములు, గృహప్రవేశములు, పెంచలకోన తిరునాళ్ళు, ఏ.ఎస్.పేట దర్గా గంధోత్సవము, ఉదయగిరి దుర్గము నెక్కిన విద్యార్థుల విహారములు, సోమశిల గేట్లెత్తిన నాటి పెన్న. వీనిలో పెక్కు ఊర లేనివారికొఱకు తీయించినవి. కొడుకు కువైటులో నుండగా ఇంట జరిగిన గృహప్రవేశము, కుమార్తె అమెరికాలో నుండగా జరిగిన తండ్రి కర్మాంతరము ఆ విధముగనే టేపులకును డిస్కులకును ఎక్కినవి. అప్పగింతలనాడు అవ్వ పాడిన పాట ఏ పుస్తకమునందును అచ్చుపడలేదు. ఆ టేపునందే యున్నది. మూడవ పంక్తిలో విస్తరిముందు కూర్చున్న తలపాగా పెద్దమనిషి ఎవరని మనుమరాలు అడిగినప్పుడు చెప్పగలవారు ఇంటికి ఒక్కరో ఇద్దఱో మిగిలియున్నారు. వారును వెడలిపోయినచో ఆయన రూపము ఉండును గాని ఆయన ఉండడు. పట్టిక వలయుననుట అందులకే. చూచి ఆనందించుటకు మాత్రమే అయినచో పట్టికతో అంత పని లేదు.

టేపులను గూర్చి రెండు మాటలు చాలును. వీహెచ్‌ఎస్ అను టేపుపద్ధతిని జపానునందలి జేవీసీ సంస్థ 1976లో వెలువరించినది. వీసీఆరు యంత్రములను కడవఱకును చేసిన ఫునాయి సంస్థ 2016 జూలైలో వాని తయారీని మానుకొన్నది. పని చేయు యంత్రము నానాటికి అరుదగుచున్నది. టేపునకు బూజు పట్టుచున్నది. కాబట్టి టేపులను కంప్యూటరునకు ఎక్కించుట మొదటి పని, పట్టిక రెండవది. ఈ వరుస తప్పరాదు.

ఎక్కించిన పిమ్మట అసలు తికమక మొదలగును. పెండ్లి వీసీడీని కంప్యూటరులో తెఱచినచో అందలి వీడియో పేరు ‘ఏవీసెక్01’ అని యుండును. డీవీడీ యైనచో ‘వీటీఎస్_01_1’. ఒక ఇంట పది పెండ్లిండ్ల డిస్కులున్న యెడల పదింటికిని ఒకటే పేరు! పెంచలయ్యా అని పిలిచినచో ఈ సీమలో నలుగురు తిరిగి చూతురు. ఇంటిపేరు, తండ్రిపేరు చేర్చినగాని పట్టా వ్రాయుటకు వీలుపడదు. ఈ డిస్కుల సంగతియు అంతియే. సెల్‌ఫోను వీడియోలకు తేదీతో గూడిన పేరు ఉండును గాని, వాట్సాప్ ద్వారా వచ్చినదాని పేరులోని తేదీ అది చేరిన తేదీయే గాని జరిగిన తేదీ కాదు. మఱియు ఒక డిస్కునుండి వేఱొక డిస్కునకు నకలు తీయునప్పుడు కంప్యూటరు తరచుగా నకలు తీసిన దినమునే పుట్టినదినముగా చూపును. 1994లో జరిగిన పెండ్లి 2021లో జరిగినట్లు పట్టికకెక్కును. తేదీలను తానే సరిచూచుకొనునని చెప్పుకొను సాఫ్ట్‌వేరు ఎంత గొప్పదైనను ఇచ్చట పొరబడక తప్పదు. దానికి శుభలేఖ తెలియదు గదా! ప్రాత శుభలేఖలను దాచియుంచిన ఇల్లు ఈ పనియందు సగము గెలిచినట్లే. సంవత్సరము, మాసము, తిథి, వారము, ఇంగ్లీషు తేదీ, ఊరు, ఉభయపక్షముల వంశము అన్నియు అందే యుండును.

సాఫ్ట్‌వేరును వెదకుటకు ముందే ఒక గీతల పుస్తకము తెచ్చి, గ్రంథాలయములో పుస్తకములకు నంబరు వేయునట్లు, ప్రతి టేపునకును డిస్కునకును ఒక నంబరు వేయవలెను. ఆ నంబరు ఎన్నటికిని మారరాదు. భూమి చేతులు మారును. సర్వే నంబరు నిలుచును. 112వ నంబరు పంచుకొన్నప్పుడు 112/1, 112/2 అగునే గాని 112 అను గుర్తు పోదు. అట్లే 27వ టేపులో ఒక నిశ్చితార్థము, ఒక పుట్టువెండ్రుకలు కలిసియున్నచో అవి 27/1, 27/2. కంప్యూటరు ఫైలు పేరులో గీటునకు చోటు లేదు గనుక అచ్చట 27-1 అని వ్రాసికొన్నచో చాలును.

ఫైలు పేరునందు తేదీని సంవత్సరముతో మొదలుపెట్టవలెను: 1994-05-12 అని. తేదీలను ఇట్లు వ్రాయుట 1988 నుండి అంతర్జాతీయ ప్రమాణము. అందలి సుఖమేమనగా, అక్షరక్రమమున పేర్చినను కాలక్రమమే వచ్చును. తేదీ వెనుక నంబరు, ఊరు, సందర్భము. ఊరు వ్రాయునప్పుడు జిల్లా మఱువరాదు. ఆత్మకూరు నెల్లూరు జిల్లాలో నొకటి, నంద్యాల జిల్లాలో నొకటి, వనపర్తి జిల్లాలో నొకటి, అనంతపురము జిల్లాలో నొకటి కలవు. పెండ్లిచుట్టఱికములు నాలుగింటిని కలిపిన ఇల్లైనచో ఆ పట్టిక చూడ ముచ్చటగా నుండును! పేరు మిక్కిలి పొడవు కారాదు. లినక్సు పద్ధతి కంప్యూటరులలో ఒక ఫైలు పేరునకు 255 బైట్ల పరిమితి. తెలుగున ఒక్కొక్క సంకేతమునకు 3 బైట్లు పట్టును. గుణింతపు గుర్తులు, పొల్లులు గూడ వేఱువేఱు సంకేతములుగా లెక్కకు వచ్చును. అనగా 85 సంకేతములకు మించి చెల్లదు. ముఖ్యమైనది పేరునందును, తక్కినది వేఱొకచోటను వ్రాయవలెను.

ఆ వేఱొక చోటు ఏది? సాఫ్ట్‌వేరు మంచిచెడ్డలు తేలునది ఇచ్చటనే. ఈ సీమనుండియే రెండు దృష్టాంతములు చెప్పవచ్చును.

తాటియాకులనాటి కావ్యములను చూచినవారికి ఆశ్వాసాంత గద్య తెలియును. నెల్లూరిని పాలించిన మనుమసిద్ధి కొలువున నుండిన తిక్కన మొదలుకొని మన కవులు ఆశ్వాసము ముగిసిన చోట ఒక గద్యము వ్రాసి, అందు తన పేరు, తండ్రి పేరు, కావ్యము పేరు, అది ఎన్నవ ఆశ్వాసమో చెప్పుచుండిరి. చదువరికి అది పునరుక్తివలె తోచవచ్చును. కాని కట్ట తెగి ఆకులు చెదరినప్పుడు ఆ ఆకు ఎవరి కావ్యములోనిదో దానిని చూచియే చెప్పగలుగుచున్నారు. పట్టిక వస్తువునందే యున్నదన్నమాట.

రెండవది ఉదయగిరి దుర్గమునకు సంబంధించినది. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఈ దుర్గమును గజపతులనుండి గెలిచి, ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును హంపికి గొనిపోయి 1515లో ప్రతిష్ఠించెను. అచ్చటి కృష్ణాలయపు శాసనము ఈ సంగతి చెప్పుచున్నది. విగ్రహముమీద ఏ ఊరి పేరును లేకున్నను, ప్రక్కనున్న రాతివలన అది ఉదయగిరిదని లోకమునకు తెలిసినది. ఇచ్చట పట్టిక వస్తువునందు లేదు. వస్తువు ప్రక్కన నున్నది.

వీడియోలకును ఈ రెండే మార్గములు. ఎవరు, ఎప్పుడు, ఎచ్చట అను వివరములను ఫైలులోపలనే వ్రాయవచ్చును. లేదా ఫైలు ప్రక్కన అదే పేరుతో ఒక చిన్న వ్రాతఫైలును ఉంచవచ్చును. ఎక్స్‌ఎంపీ, ఎన్ఎఫ్ఓ అను చిన్నఫైళ్ళు అట్టివే. ఈ రెండును గాక మూడవ మార్గము కలదు. సాఫ్ట్‌వేరు వివరములన్నింటిని తన సొంత పెట్టెలో మాత్రమే దాచుకొనును. చూచుటకు అదియే మిక్కిలి సొగసైనది. ప్రమాదమును అందే యున్నది. గూగులు సంస్థవారి పికాసా అను సాఫ్ట్‌వేరు ఒకప్పుడు ఎందఱికో ప్రీతిపాత్రము. ఛాయాచిత్రములలోని ముఖములకు పేర్లు పెట్టుకొని సంబరపడిరి. 2016లో దానిని నిలిపివేసిరి. చిత్రములు మిగిలినవి, పేర్లను వేఱొక సాఫ్ట్‌వేరునకు తరలించుటకు మాత్రము నానా తంటాలు పడవలసివచ్చినది. ఆపిల్ సంస్థవారి యాపర్చరు, ఐఫోటో అనునవియు మూలబడినవి. కనుక సాఫ్ట్‌వేరును పరీక్షించునప్పుడు అది ఏమేమి చేయునని కాక, అది పోయిన నాడు ఏమి మిగులునని మొదట అడుగవలెను.

ఇక అంగడిలో నున్న రకములు. కోడి (పేరు విని నవ్వనక్కఱలేదు), ప్లెక్స్, జెల్లీఫిన్ అనునవి ఇంటి టీవీని సినిమాహాలుగా మార్చు జాతివి. ఇవి పుట్టినది సినిమాలకొఱకు. ఫైలు పేరు చూచి, ఇంటర్నెట్టులో వెదకి, ఆ సినిమా బొమ్మను, తారల పేర్లను తెచ్చి అతికించును. ఊరి రామాలయములో తీసిన వీడియోకు ‘సీతారామ కల్యాణం’ అని పేరు పెట్టి దీనికి అప్పగించినచో, 1961లో వచ్చిన రామారావుగారి చిత్రముగా ఎంచి ఆయన బొమ్మను అంటించినను ఆశ్చర్యము లేదు. ‘పెళ్ళిసందడి’ అని పేరు పెట్టినచో 1996 నాటి చిత్రపు పాటలపట్టిక కూడ వచ్చునేమో! ఈ చిక్కు తప్పించుటకు జెల్లీఫిన్‌లో ఇంటి వీడియోలకని వేఱొక విభాగము కలదు. ప్లెక్సులో ‘అదర్ వీడియోస్’ అను విభాగము. అట్టి విభాగమున ఉంచినచో ఇంటర్నెట్టు వెదకులాట లేక, ఫోల్డరు పేర్లు, ఫైలు పేర్లు ఉన్నవి ఉన్నట్లు కనబడును. పేరు చక్కగా పెట్టుట ఎందులకో ఇప్పుడు తెల్లమగును. జెల్లీఫిన్ 2018 డిసెంబరులో ఎంబీ అను సాఫ్ట్‌వేరునుండి చీలి వచ్చినది. ఎంబీవారు మూలవ్రాతను మూసివేయగా, అది అందఱికిని తెఱచియుండవలెనన్నవారు దీనిని వేఱుగా నడుపుచున్నారు. వెల లేదు, బయటి సంస్థయొద్ద ఖాతా తెఱువనక్కఱలేదు.

రెండవ జాతి ఆల్బమువంటిది. డిజికామ్ అనునది ఇందు గణనీయము. 2001లో మొదలై నేటికిని పెరుగుచున్నది. విండోసు, లినక్సు, ఆపిల్ కంప్యూటరులు మూడింటను వెల లేకుండ పని చేయును. ముఖ్యముగా ఛాయాచిత్రములకొఱకు చేసినదైనను వీడియోలను గూడ చేర్చుకొనును. వ్యక్తి, ఊరు, సందర్భము అను గుర్తులను ఒకదాని క్రింద ఒకటిగా పెట్టుకొనవచ్చును. అన్నింటికంటె మేలైన గుణము, ఆ గుర్తులను ప్రక్కఫైలుగా వ్రాయుమని అమరికలలో ఆజ్ఞ ఈయవచ్చును. ఆ ఆజ్ఞ మనము ఈయవలెను సుమా. తనంతట అది ఈయబడి యుండదు. రూపమున ఇది కొంచెము మోటు. మొదటి వారము విసుగు పుట్టించును.

మూడవది గూగుల్ ఫోటోసువంటి దూరపు గిడ్డంగి. సెల్‌ఫోనునుండి తనంతట ఎక్కును. ముఖములను బట్టి వెదకును. కాని 2021 జూన్ 1 నుండి పరిమితిలేని ఉచితస్థలము ఆగిపోయినది. ఉచితముగా నిచ్చునది 15 జీబీలు, అందే ఈమెయిలును చేరును. మినీ డీవీ టేపునుండి ఉన్నది ఉన్నట్లు దింపినచో ఒక గంటకే 13 జీబీలగును. ఒక్క పెండ్లికి చాలదు! నకలొకటి అచ్చట నుంచుట మంచిదే; ఉన్న ఒక్క ప్రతిని అచ్చట నుంచుట తగదు.

తెలుగు విషయము వేఱుగ చెప్పవలసియున్నది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణమునందే తెలుగు అక్షరములకు స్థానము కలిగినది. నేటి మంచి సాఫ్ట్‌వేరులన్నియు తెలుగున వ్రాయుటకును వెదకుటకును ఒప్పుకొనును. అయితే శుభలేఖలచ్చువేయు డీటీపీ అంగడులలో వాడు అను ఫాంట్ల వ్రాత యూనికోడ్ కాదు. దానిని తెచ్చి పట్టికలో అతికించినచో పిచ్చిగీతలగును. ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు వేఱొకటి కలదు. ‘పెళ్ళి’ అని ళకు ళవత్తు వ్రాసినది ఒకటి, ‘పెళ్లి’ అని లవత్తు వ్రాసినది మఱియొకటి. చెవికి రెండును ఒకటియే, కంప్యూటరునకు వేఱు. పెండ్లి, వివాహము, కల్యాణము, కళ్యాణము... ఇట్లు ఇంటిలో నలుగురు నాలుగు రీతుల వ్రాసినచో వెదకినప్పుడు నాలుగవవంతే దొరకును. గ్రంథాలయములలో ఒక విషయమునకు ఒకే శీర్షిక అను కట్టుబాటు ఇందులకే ఏర్పడినది. గీతల పుస్తకము మొదటి పుటలో ఇంటివారు వాడదలచిన మాటలు ముప్పది నలువది నిర్ణయించి వ్రాసికొన్నచో ఈ బాధ తీఱును.

చుట్టఱికపు పిలుపులను పేర్లుగా వ్రాయుట ఇంకను పెద్ద పొరపాటు. ‘పెద్దమ్మ పాట’ అని వ్రాయుదురు. ఎవరికి పెద్దమ్మ? వ్రాసినవారికి పెద్దమ్మ, ఆమె పిల్లలకు అమ్మ, కోడలికి అత్త, ముప్పదియేండ్లు పోయిన పిదప చూచువారికి ఎవరో తెలియని ముసలమ్మ. కావున వ్యక్తి సొంతపేరు వ్రాయవలెను. స్త్రీలకు పుట్టినింటి పేరు, మెట్టినింటి పేరు రెండును వ్రాయవలెను. వంశవృక్షములలో ఆడవారి పేర్లు జారిపోవుట ప్రాత లోపము. కంప్యూటరులోనికి దానిని గొనిపోనక్కఱలేదు. చుట్టఱికమును చెప్పదలచినచో ఇంటి మూలపురుషునినో వధూవరులనో ఆధారముగ జేసికొని ‘వరుని మేనత్త’ అని చెప్పవచ్చును.

ఏ సాఫ్ట్‌వేరునైనను పది వీడియోలతో పరీక్షించుట చాలును. పదింటికి తెలుగున పేర్లు, గుర్తులు పెట్టవలెను. ఒక అవ్వ పేరుతో వెదకి చూడవలెను. పిమ్మట ఆ ఫోల్డరును మఱియొక కంప్యూటరునకు గొనిపోయి, ఆ సాఫ్ట్‌వేరు లేకుండ, ప్రక్కఫైలును సామాన్యమైన వ్రాతపరికరముతో తెఱచి చూడవలెను. తెలుగు పేర్లు చదువవచ్చినచో అది తగినది. చదువరాకున్నను, ప్రక్కఫైలే లేకున్నను, దాని సొగసు ఎంతదైనను విడిచిపెట్టవలసినదే. ఈ పరీక్షకు నిలుచునది డిజికామ్. పట్టికకు దానిని, టీవీలో చూచుటకు జెల్లీఫిన్‌ను వాడుకొనుట నేటికి ఉచితమైన ఏర్పాటు. కంప్యూటరు లేని ఇంటికి గీతల పుస్తకమే చాలును. అది పూర్తియైనచో, ఏనాడు ఎవరు కంప్యూటరు కొన్నను పట్టికను అందులోనికి దించుట నాలుగు సాయంకాలముల పని.

ఇంటి వీడియో ఊరి సొత్తు కాదన్నది గుర్తుంచుకొనవలెను. అందు ఇరుగుపొరుగు ఆడపిల్లలున్నారు, చంటిబిడ్డలున్నారు, దుఃఖసమయములున్నవి. యూట్యూబులో పెట్టుట సులభము. పెట్టినదానిని మఱల తీయుట కష్టము. జెల్లీఫిన్‌లో ఒక్కొక్కరికి వేఱువేఱు ప్రవేశములీయ వచ్చును గనుక, ఎవరు చూడదగినది వారికే తెఱచియుంచవలెను. గ్రంథాలయమునకు ఈయదలచినచో తిరునాళ్ళు, వీధినాటకములు, పాఠశాల వార్షికోత్సవములవంటివి ఈయవచ్చును. అవి నిజముగ ఊరివి.

సామాన్యమైన పెండ్లి టేపు మూడు గంటలు. ఆపి ఆపి చూచుచు పేర్లు వ్రాసికొనుటకు రెండు దినములు పట్టును. ప్రక్కన పెద్దవారిని కూర్చుండబెట్టుకొనవలెను. వారికి కన్ను సరిగా ఆననిచో గొంతు విని చెప్పుదురు. వారు చెప్పుచున్న మాటలను గూడ సెల్‌ఫోనులో పట్టి, అదే నంబరుతో ప్రక్కన ఉంచవచ్చును. ఇంటిలో టేపులు పలువున్నచో క్రొత్తవానితో మొదలుపెట్టరాదు. అందఱికంటె వయసు మీఱినవారు ఏ పెండ్లిలో కనబడుదురో, ఆ టేపు మొదటిది. పని ముగిసిన పిదప వీడియోలును ప్రక్కఫైళ్ళును గల డిస్కునకు నకలు తీయించి వేఱొక ఊర నున్న కూతురింటనో కొడుకింటనో ఉంచవలెను. గీతల పుస్తకమునకును ఒక నకలు దానితోడనే పంపవలెను.